టెలివిజను తెర మీద తెలుగు అక్షరం

ఇంట్లో టెలివిజను ఉండగా కంప్యూటరుకు వేరే తెర కొనవలెనా, లేక ఉన్న టెలివిజనునే దానికి తగిలించి వాడుకొనవచ్చునా? మన సంఘ కుటుంబాలలో ఈ ప్రశ్న ఈమధ్య తరచుగా వినవస్తున్నది. హోసూరు, బళ్ళారి, షోలాపురం, బరంపురం - ఊరు ఏదైనా మన ఇళ్ళ అమరిక ఇంచుమించు ఒక్కటే. హాలులో గోడకు పెద్ద టెలివిజను. పిల్లల చదువు కోసమో, పెద్దవారి ఉద్యోగం కోసమో ఒక ల్యాప్‌టాపు. తక్కినవారికి ఎవరి ఫోను వారిది. ల్యాప్‌టాపు తెర చిన్నది. దాని చుట్టూ నలుగురు కూర్చొనలేరు. టెలివిజను తెర పెద్దది. పగలంతా అది ఊరకే గోడకు వ్రేలాడుతూ ఉంటుంది. రెంటినీ కలిపితే పోలేదా అని తోచడం సహజమే.

కలపవచ్చును. దానికి కావలసినది ఒక్క తీగ; ఖరీదు కొన్ని వందల రూపాయలు. కాని ఆ తీగ తగిలించి, అక్షరాలు అలుక్కుపోయినట్లున్నవి, కళ్ళు లాగుతున్నవి అని రెండు రోజులకే తీసి అటక మీద పడవేసినవారిని మేము పలువురిని ఎరుగుదుము. తప్పు టెలివిజనుది కాదు, తీగదీ కాదు. టెలివిజను బొమ్మలు చూపడానికి పుట్టిన వస్తువు. అక్షరాలు చూపమంటే దానికి కొంచెం నచ్చజెప్పవలె. అందుకు పావుగంట చాలును.

ఈ విషయం మీద మాకు ఇంత పట్టుదల ఎందుకంటే, ఇది కేవలం డబ్బు ఆదా చేసే సంగతి కాదు. యానాము సంగతి వేరు, అక్కడ చుట్టూ తెలుగే. తక్కిన చోట్ల మన పిల్లలు బడిలో చదివేది అరవమో, కన్నడమో, ఒరియానో, మరాఠీయో, ఇంగ్లీషో. ఇంట్లో తెలుగు మాట నిలిచే ఉన్నది, తెలుగు అక్షరమే జారిపోతున్నది. అవ్వకు అక్షరం వచ్చును, చూపు ఆనదు. మనుమనికి చూపు ఉన్నది, అక్షరం రాదు. ఇద్దరూ ఒకేసారి చూడగలిగినంత పెద్ద తెర ఇంట్లో ఒక్కటే ఉన్నది. అది హాలులో టెలివిజను.

అవ్వ చూపు గురించి ఒక మాట. నలభై దాటినవారికి వచ్చే చత్వారం దగ్గరి వస్తువును మసక చేస్తుందే గాని దూరపు వస్తువును కాదు. అందుచేత ఫోనులో గాని, పుస్తకంలో గాని కళ్ళజోడు లేక ఒక్క ముక్క చదవలేని వారు ఎనిమిది అడుగుల దూరాన ఉన్న టెలివిజను మీద అక్షరం తగినంత పెద్దదిగా ఉంటే హాయిగా చదువుతారు. శుక్లాలు వచ్చినవారి మాట వేరు. వారికి కావలసినది వైద్యుడు, తీగ కాదు.

టెలివిజనును కంప్యూటరుకు తెరగా వాడడం కొత్త ఆలోచన అనుకొంటారేమో. నిజానికి ఇంటి కంప్యూటరు పుట్టుకే అక్కడ. 1973లో అమెరికాలో డాన్ లాంకాస్టర్ అనే ఆయన రేడియో-ఎలక్ట్రానిక్స్ పత్రికలో టెలివిజను మీద అక్షరాలు చూపే యంత్రాన్ని ఇంట్లోనే చేసుకొనే విధానం ప్రకటించినాడు. దానికి ఆయన పెట్టిన పేరు "టీవీ టైప్‌రైటరు". వరుసకు 32 అక్షరాలు, పుటకు 16 వరుసలు, అంతే దాని శక్తి. 1982లో ఇంగ్లండులో వెలువడిన సింక్లెయిర్ స్పెక్ట్రం కంప్యూటరుకు సొంత తెర అనేదే లేదు. టెలివిజనుకు ఏంటెనా తగిలించే రంధ్రంలోనే దాని తీగ దూర్చేవారు. దానికీ వరుసకు 32 అక్షరాలే. అదే సంవత్సరం అమెరికాలో వచ్చిన కమొడోర్ 64కు వరుసకు 40. అంతకు మించితే ఆనాటి టెలివిజను మీద ఇంగ్లీషు అక్షరాలే ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి.

స్పెక్ట్రంలో ఒక్కొక్క అక్షరానికి అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది చుక్కలు కేటాయించినారు. ఇంగ్లీషు అక్షరానికి అది సరిపోతుంది. మన "స్త్రీ" అనే ఒక్క అక్షరాన్ని ఆ ఎనిమిది గళ్ళలో ఇరికించి చూడండి! పైన గుడి, నడుమ సకారం, దాని క్రింద తకారపు వత్తు, ప్రక్కన క్రారవడి. తెలుగు అక్షరం ఒక అంతస్తు మేడ కాదు, రెండు మూడు అంతస్తులది. మన లిపి కంప్యూటరు తెర మీద కుదురుగా నిలబడడానికి అందుకే కాలం పట్టినది. 1991లో యూనికోడు తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం దొరికినా, సాధారణ గృహస్థుని విండోస్ కంప్యూటరులో తెలుగు కనపడడం 2001లో ఎక్స్‌పీతో, దానితోపాటు వచ్చిన గౌతమి అనే అక్షరరూపంతో మొదలైనదని చెప్పవచ్చును.

టెలివిజను చదువు చెప్పడం కూడా మనవారికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఒక సంవత్సరంపాటు మన దేశంలో ఆరు రాష్ట్రాలలోని 2400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టెలివిజను పాఠాలు అందించినారు. సైట్ అని దాని పేరు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా ఆ ఆరింటిలోవి. కర్ణాటకలో రాయచూరు, గుల్బర్గా, బిజాపురం జిల్లాల పల్లెలు అందులో చేరినవి. కార్యక్రమాలు హిందీ, ఒరియా, తెలుగు, కన్నడం అనే నాలుగు భాషలలో వచ్చేవి. కోళ్ళగూటికి వాడే తీగవల వంటి దానితో చేసిన పది అడుగుల ఏంటెనా, దాని క్రింద ఊరంతటికీ ఒక్క పెట్టె. ఆ పెట్టె చెప్పినది వినవలసినదే గాని మనం కోరిన పుట తెరిపించడానికి వీలు లేదు. ఇప్పుడు వీలున్నది.

ఇక అసలు పనికి వస్తాము.

ఈనాటి టెలివిజనుకు వెనుకనో ప్రక్కనో హెచ్.డి.ఎమ్.ఐ. అని వ్రాసిన రంధ్రాలు రెండు మూడు ఉంటవి. 2002 చివర నిర్ణయమైన ఈ పద్ధతిలో బొమ్మ, ధ్వని రెండూ ఒకే తీగలో పోతవి. ల్యాప్‌టాపుకు అదే రంధ్రం ఉంటే నేరుగా తగిలించవచ్చును. తగిలించేటప్పుడు రెండూ ఆపి ఉంచడం మంచిది. రెంటికీ ఎర్తు ఉన్న మూడు కాళ్ళ సాకెట్టే వాడవలె. పాత ఇళ్ళలో ఎర్తు పేరుకే ఉండి, తీగ తాకగానే చేతికి చిమచిమమనడం కద్దు. అట్లా అయితే ముందు ఎలక్ట్రీషియనును పిలవండి, కంప్యూటరు సంగతి తరువాత. తీగ అయిదు మీటర్లు దాటకుండా చూచుకోండి. పొడుగు తీగలలో చిత్రం మినుకుమినుకుమనడం, ఒక్కొక్కసారి అసలే రాకపోవడం జరుగుతుంది.

తగిలించగానే మొదట కనపడే చిక్కు, బొమ్మ అంచులు తెగిపోవడం. కంప్యూటరులో అడుగున ఉండే పట్టీ సగం మాయమవుతుంది. దీనికి ఓవర్‌స్కాన్ అని పేరు. పూర్వం గాజుబుడ్డి టెలివిజనులలో చిత్రం అంచులు సరిగా కుదిరేవి కావు. ఆ వంకరలు ఇంటివారికి కనపడకుండా తయారుచేసేవారు బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులను చట్రం క్రింద దాచేవారు. గాజుబుడ్డి పోయినది, అలవాటు మాత్రం పోలేదు. ఇప్పటికీ అనేక టెలివిజనులు బొమ్మను నూటికి నాలుగైదు పాళ్ళు సాగదీసే చూపుతవి. అంచులు పోవడం ఒక నష్టమైతే, సాగదీయడం వల్ల ప్రతి అక్షరమూ మసకబారడం రెండవ నష్టం, పెద్ద నష్టం. రిమోటుతో చిత్రం అమరికలలోనికి పోతే దీనిని ఆపే మాట ఒకటి ఉంటుంది. ఎల్.జి. వారు "జస్ట్ స్కాన్" అంటారు, సామ్‌సంగ్ వారు "ఫిట్ టు స్క్రీన్" అంటారు, సోనీ వారు "ఫుల్ పిక్సెల్" అంటారు. పేరు ఏదైనా పని ఒక్కటే.

రెండవది రంగుల సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పవలె, ఎందుకంటే మన పిల్లల పాఠాలకు దీనితోనే పని. మనిషి కన్ను వెలుగునీడల తేడాను పసిగట్టినంత చక్కగా రంగుల తేడాను పసిగట్టలేదు. రంగుల టెలివిజను కనిపెట్టిననాటి నుంచి ఇంజనీర్లు ఈ బలహీనతను ఆధారం చేసుకొని పొదుపు చేస్తూ వచ్చినారు. వెలుగును ప్రతి చుక్కకూ పంపుతారు. రంగును మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కసారి పంపుతారు. సినిమాలో కథానాయిక చీర రంగు ఆ కాస్త అటుఇటు అయితే ఎవరికీ తెలియదు. కాని అక్షరం అంచు అటుఇటు అయితే తెలుస్తుంది. తెల్లని నేల మీద నల్లని అక్షరానికి బాధ లేదు. అది వెలుగు తేడాయే. ఎర్రని అక్షరానికి, నీలం మీద పసుపు అక్షరానికి ముప్పు. గుణింతం పాఠాలలో అక్షరాన్ని నల్లగాను, దాని మీది గుడినో కొమ్మునో ఎర్రగాను చూపడం వాడుక కదా! పిల్లవాడు గమనించవలసినది ఏదో సరిగ్గా అదే అలుక్కుపోతుంది.

దీనికి మందు కూడ రిమోటులోనే ఉన్నది. టెలివిజనులో ఆ హెచ్.డి.ఎమ్.ఐ. రంధ్రానికి పేరు మార్చే వీలు ఉంటుంది. దానికి "పీసీ" అని పేరు పెట్టండి. పేరు మార్చినంత మాత్రాన ఏమగునని సందేహించవద్దు. చాలా టెలివిజనులు ఆ పేరు చూచి, వచ్చేది సినిమా కాదు కంప్యూటరు అని గ్రహించి, ప్రతి చుక్కకూ దాని రంగును దానికే చూపుతవి. ఈ సౌకర్యం లేని టెలివిజను అయితే పాఠాలను నలుపు తెలుపులలో చూడడమే మేలు.

మూడవది "షార్ప్‌నెస్" అనే అమరిక. పేరు విని దీనిని పెంచితే అక్షరాలు తేటపడునని అందరూ పెంచుతారు. జరిగేది విరుద్ధం. అది బొమ్మలోని ప్రతి అంచు ప్రక్కన ఒక తెల్లని గీత అదనంగా గీస్తుంది. క్రికెట్టు ఆటలో గడ్డిపరకలు నిగనిగలాడడానికి అది బాగుండును. కాని "థ" కడుపులోని చుక్కకూ దాని గోడకూ నడుమ ఉన్న సందు ఆ గీతలతో పూడిపోతుంది. కొన్ని కంపెనీల టెలివిజనులలో దీనిని సున్నకు దించవలె, కొన్నిటిలో నడిమి అంకెయే సహజస్థితి. అక్షరం చుట్టూ తెల్లని నీడ పోయేవరకు దించి అక్కడ ఆపండి. దుకాణంలో కళ్ళు జిగేలుమనిపించడానికి పెట్టే "వివిడ్" వెలుగును కూడ తగ్గించవలె. చీకటి గదిలో తెల్లని పుట దీపంలాగ వెలిగితే ఎవరి కళ్ళూ తట్టుకొనలేవు.

ఇక కంప్యూటరు వైపు ఒక చిన్న పని. తీగ తగిలించగానే సాధారణంగా ల్యాప్‌టాపు తెరా టెలివిజనూ ఒకే బొమ్మను చూపుతవి. రెండు తెరల చుక్కల లెక్క వేరైనప్పుడు ఈ జంట బొమ్మలో ఏదో ఒక తెర మసకగా ఉండక తప్పదు. విండోస్ మీటనూ "పి" మీటనూ కలిపి నొక్కి, "సెకండ్ స్క్రీన్ ఓన్లీ" అన్నదానిని ఎంచుకొంటే కంప్యూటరు టెలివిజనుకు తగిన లెక్కను మాత్రమే పంపుతుంది.

చుక్కల లెక్క అన్నాము గనుక అదేమిటో చెప్పవలె. తెర మీది బొమ్మ అంతా పిక్సెలు అనే చుక్కల ముగ్గు. మన ఇళ్ళలో విరివిగా ఉన్న 32 అంగుళాల "హెచ్.డి. రెడీ" టెలివిజనులో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. అంగుళానికి 49 పడుతవి. కంప్యూటరు కోసమే చేసిన 24 అంగుళాల మానిటరులో 1920, 1080 చుక్కలు, అంగుళానికి 92. 43 అంగుళాల టెలివిజనులో అవే 1920, 1080 చుక్కలు పరిస్తే అంగుళానికి 51 మాత్రమే. 4కె అనే రకంలో 3840, 2160 ఉంటవి గనుక అదే 43 అంగుళాలలో 102 పడుతవి. తెర పెద్దదైనకొద్దీ అక్షరం తేటపడదు, చుక్క పెద్దదవుతుంది అని గ్రహిస్తే సగం భ్రమ తీరుతుంది.

చుక్క పెద్దదైనా దూరాన కూర్చొంటే కనపడదు. ఆరోగ్యమైన కంటికి 49 చుక్కల తెర మీద ముగ్గు కనపడకుండా పోవడానికి ఇంచుమించు ఆరడుగుల దూరం కావలె. 102 చుక్కల తెరకు మూడడుగులు చాలు. కాబట్టి 32 అంగుళాల పాత టెలివిజనును బల్ల మీద ఎదురుగా పెట్టుకొని లెక్కలు వ్రాయడం, ఉత్తరాలు టైపు చేయడం వంటి పనులకు మేము సలహా ఇవ్వము. గంటకే తల నొప్పి. అదే టెలివిజను ఎనిమిది అడుగుల నుంచి చదవడానికి నిక్షేపంగా పనికివస్తుంది. బల్ల మీద పని రోజంతా ఉండేవారు మానిటరే కొనవలె. లేదా 43 అంగుళాల 4కె తెరను మూడడుగుల దూరాన, కంటి ఎత్తున నిలుపుకోవలె. గోడకు ఎత్తున బిగించిన టెలివిజను వైపు మెడ ఎత్తి రోజంతా పని చేయడం ఎవరివల్లనూ కాదు.

4కె టెలివిజను ఉన్నవారికి ఒక హెచ్చరిక. 2013లో వచ్చిన హెచ్.డి.ఎమ్.ఐ. 2.0 కంటె పాతదైన రంధ్రం ఉన్న ల్యాప్‌టాపు 4కె బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలదు. 60 కావలసిన చోట 30 వస్తే మౌసు బాణం కుంటుతూ నడుస్తుంది. అప్పుడు 4కె పట్టుదల మాని 1920, 1080కి దిగడమే ఉత్తమం. సరిగ్గా సగం గనుక ఒక చుక్క స్థానంలో నాలుగు చుక్కలు కుదురుగా కూర్చొంటవి. బాణం మీ చెయ్యి కంటె వెనుకబడుతున్నదని తోస్తే "గేమ్" అనే అమరిక పెట్టి చూడండి. బొమ్మకు టెలివిజను చేసే సింగారమంతా అది మానిపిస్తుంది.

మొత్తం కంప్యూటరే లేని ఇళ్ళలో ఫోనునే టెలివిజనుకు కలపాలని చూస్తారు. దీనిలో దుకాణదారుల మాట నమ్మి మోసపోయేవారు ఎక్కువ. టైప్-సి రంధ్రం ఉన్న ప్రతి ఫోనూ తీగ ద్వారా బొమ్మ పంపలేదు. చవక ఫోనులలో చాలా వాటికి ఆ శక్తి లేదు. అడాప్టరు కొనకముందే మీ ఫోను మోడలుకు ఆ శక్తి ఉన్నదో లేదో విచారించండి. తీగ లేకుండా గాలిలో బొమ్మ పంపే పద్ధతి చాలా ఫోనులలో ఉన్నది. బొమ్మ ఒక క్షణం ఆలస్యంగా చేరినా చదువుకొనడానికి ఇబ్బంది లేదు. కొంచెం చేయి తిరిగిన పిల్లలున్న ఇంట రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరును చూడవచ్చును. ఇంగ్లండులో 2012లో వచ్చినది. 2020లో అదే కంప్యూటరును కీబోర్డులోనే అమర్చి 400 అనే పేరుతో విడుదల చేసినారు. కీబోర్డులోనే కంప్యూటరు, తెర మాత్రం మన టెలివిజను - 1982 నాటి స్పెక్ట్రం మాట మళ్ళీ మొదటికి వచ్చినదన్నమాట.

పిల్లలను ఆదివారం తెలుగు తరగతికి టెలివిజను ముందు కూర్చోబెట్టేవారు రెండు విషయాలు గమనించవలె. ల్యాప్‌టాపును ఒక మూల బల్ల మీద పెట్టి, పిల్ల టెలివిజను వైపు చూస్తూ కూర్చొంటే పంతులమ్మగారికి గంటసేపూ ఆ పిల్ల చెవి మాత్రమే దర్శనమిస్తుంది. కెమెరా ఉన్నది ల్యాప్‌టాపులో గదా! దానిని టెలివిజనుకు సరిగ్గా క్రింద పెట్టండి. ఇక ధ్వని. టెలివిజను నుంచి వచ్చే మాటను ల్యాప్‌టాపు మైకు పట్టి తిరిగి పంపితే తరగతిలో అందరికీ ప్రతిధ్వని. పిల్ల మాట్లాడనప్పుడు మైకు ఆపి ఉంచడం నేర్పవలె.

తెర సిద్ధమైన తరువాత ఏమి చదవవలె? దీనికి కొరత లేదు. 1852లో అచ్చయిన బ్రౌను దొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఆంధ్రభారతిలో మాట కొట్టి వెదకడానికి సిద్ధంగా ఉన్నది. తెలుగు వికీపీడియా 2003 నుంచి సాగుతున్నది. మీ ఊరి పేరు కొట్టి చూడండి. వికీసోర్సులో పాత పుస్తకాలు తిరిగి అక్షరబద్ధమైనవి ఉన్నవి. ఇటువంటి పుటలలో అక్షరాన్ని మన ఇష్టం వచ్చినంత పెద్దది చేసుకోవచ్చును. కంట్రోలు మీటతో కూడిక గుర్తును నొక్కితే చాలు. ఎనిమిది అడుగుల దూరానికి అక్షరం ఎత్తు ఒక సెంటీమీటరు ఉంటే చదవడం సాధ్యమే. వత్తులున్న మన లిపికి ఒకటిన్నర సెంటీమీటరు పెట్టుకొంటే పెద్దవారు తడుముకొనరు.

ఫోటో తీసి పెట్టిన పాత పుస్తకాల సంగతి వేరు. పుస్తకం పుట నిలువు, టెలివిజను అడ్డం. పుట అంతా ఒకేసారి కనపడేటట్లు పెడితే 43 అంగుళాల తెర మీద కూడ అది అసలు పుస్తకానికి రెండున్నర రెట్లు మాత్రమే అవుతుంది. ఎనిమిది అడుగుల నుంచి చూస్తే, మూడడుగుల అవతల తెరిచి పెట్టిన పుస్తకంతో సమానం. ఎవరు చదవగలరు? పుట వెడల్పు తెర వెడల్పుకు సరిపోయేటట్లు పెట్టండి. అప్పుడు ఇంచుమించు ఏడు రెట్లవుతుంది. అదే దూరం నుంచి, చేతిలో పద్నాలుగు అంగుళాల దూరాన పట్టుకొన్న పుస్తకంలాగ కనపడుతుంది. ఒకసారికి పుటలో మూడవ వంతుకు కొంచెం ఎక్కువ కనపడుతుంది. తక్కినది క్రిందికి జరుపుకొంటూ పోవలె. ఆ జరిపే పని మనుమనికి అప్పగిస్తే, అవ్వ ఎక్కడ ఆగినదో చూడడానికైనా వాడు అక్షరాల వెంట కన్ను నడిపించవలసి వస్తుంది. ఇది మాకు బాగా నచ్చిన ఉపాయం.

ఓలెడ్ రకం టెలివిజను ఉన్నవారు మాత్రం ఒకే పుటను గంటల తరబడి కదలకుండా నిలిపి ఉంచవద్దు. ఆ జాతి తెరలలో కదలని బొమ్మ చారలు శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉన్నది. సాధారణ ఎల్.ఇ.డి. టెలివిజనులకు ఆ భయం పెట్టుకొననవసరం లేదు.

అమరికలన్నీ అయిన తరువాత సరిగా కుదిరినవో లేదో చూడడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. తెల్లని పుట మీద నల్లని అక్షరాలతో ఈ మాటలు టైపు చేయండి: అర్థము, అర్ధము, పలము, ఫలము, దనము, ధనము, పారము, పాఠము, స్త్రీ, శాస్త్రి, ఉష్ణము, కృష్ణుడు. అర్థమునకూ అర్ధమునకూ తేడా వత్తు కడుపులోని ఒక్క చుక్క. ఆ చుక్క పూడిపోతే చెప్పినది బోధపడడమూ ఒకటే, సగం కావడమూ ఒకటే. ఇంట్లో పెద్దవారిని వారు రోజూ కూర్చొనే కుర్చీలోనే కూర్చోబెట్టి, జోడు పెట్టుకొనేవారు జోడుతోనే చదవమనండి. తడుముకొంటే అక్షరం పెద్దది చేయండి. పెద్దది చేసినా చుక్క తేలకపోతే షార్ప్‌నెస్ దగ్గరకు తిరిగి వెళ్ళండి. అదే జాబితాను ఎర్ర అక్షరాలలో మరొకసారి చదివించండి. నలుపులో తేటగా ఉండి ఎరుపులో అలుక్కుపోతే రంధ్రానికి "పీసీ" పేరు పెట్టడం మరచినారన్నమాట.

కుదిరిన అంకెలన్నీ ఒక చీటీ మీద వ్రాసి టెలివిజను వెనుక అంటించి ఉంచండి. క్రికెట్టు చూచేవారు వాటిని మార్చకుండా ఉండరు.